సింహాద్రికి చేతులొచ్చాయి

మన బ్యాచ్ సభ సంచికలో వేయడానికి బడి జ్ఞాపకాలేవైనా రాసి పంపమని కమిటీ వాళ్ళు అడిగారు. ఎక్స్‌కర్షన్, పబ్లిక్ పరీక్షల టెన్షన్, ఫేర్‌వెల్ రోజు జనరేటర్ సంగతి ఎవరో ఒకరు రాస్తారు. నేను సింహాద్రి గురించి రాస్తాను.

నా సోషల్ నోట్సు వెనక పేజీల్లో నేను గీసే బొమ్మల కథల హీరో సాహసం సింహాద్రి మీ అందరికీ గుర్తే. తలపాగా, మెలితిప్పిన మీసం. రాక్షసుడు మీదికొస్తున్నా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడేవాడు. 1993లో, మన ఎనిమిదో తరగతిలో, ఆ నోట్సు మనం గుండు అని పిలిచే నేస్తం చేతిలోంచి సరాసరి డ్రాయింగ్ మాస్టారి చేతిలో పడింది. ఆయన తిట్టలేదు. పేజీలన్నీ ఓపిగ్గా తిప్పి, "కథ బాగుంది. వీడికి చేతులేవిరా?" అన్నారు.

మర్నాడు చందమామ ఒకటి తెచ్చారు. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు, శంకర్ గారి బొమ్మ. చిన్నప్పట్నించీ చూస్తున్నదే. "ముఖం చూడకు. బరువు ఎక్కడ పడిందో చూడు. పిడి మీద వేళ్ళు ఎలా మడిచారో చూడు" అన్నారు. "నీ ఎడమ చెయ్యి ఎప్పుడూ నీతోనే ఉంటుంది, దాన్ని చూసి గీయి" అన్నారు. వెళ్ళబోతుంటే ఆపి, ఇంకో మాట: "పాతవి చింపకు. ఏడాదికోసారి వీణ్ణే మళ్ళీ గీయి. పాతది చూడకుండా గీసి, అప్పుడు పక్కన పెట్టుకో. ఎప్పుడూ కొత్త బొమ్మలే వేస్తూ పోతే ఏం నేర్చుకున్నావో నీకే తెలీదు."

డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు, ఫైనార్ట్స్ చదువు, పెళ్ళి, పిల్లలు, అన్నీ అయ్యాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలో పాత్రల డిజైన్ చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి నేనిచ్చే మొదటి పని ఇదే: చిన్నప్పటి బొమ్మ ఒకటి తెచ్చి మళ్ళీ గీయమంటాను.

ఈ ఏడాది సింహాద్రిని 1993 నాటి వాడి పక్కన పెట్టాను. మనిషి ఎత్తుని తల పొడవుతో కొలిస్తే, అప్పుడు ఐదు తలల ఎత్తు, ఇప్పుడు ఏడున్నర. అప్పుడు గీతంతా ఒకే మందం. పెన్సిల్ నొక్కిన గాడి కాగితం వెనకవైపు ఇప్పటికీ వేలికి తగులుతుంది. ఇప్పుడు బరువు మోపిన మడమ దగ్గర గీత లావెక్కి, మీసం కొసన సన్నబడుతుంది. చేతుల్లో గుర్రం పగ్గం ఉంది. దాని మీదికి బొటనవేలు ఎలా ఎక్కాలో ఆలోచించే పని లేకుండానే వచ్చేసింది. ఎంత సంతోషమేసిందో! కళ్ళు మాత్రం మార్చలేదు. ఆ గుడ్లురిమే చూపు పదమూడేళ్ళ వయసులోనే కుదిరింది, దాన్నలాగే ఉంచాను.

రెండు బొమ్మలూ పంపుతున్నాను. ఒకే సైజులో పక్కపక్కన వేసి, కింద సంవత్సరాలు వేయండి. సభ రోజు మాస్టారి కుర్చీ పక్కన నాకు చోటుంచండి, అసలు కాగితాలు ఆయన చేతికే ఇవ్వాలి. రేడియో అని పేరుపడ్డ నేస్తమా, రాక్షసుడి కథ రెండో భాగం నీ దగ్గరే ఉంది, పట్టుకురా.