నల్ల ఇంకు పోసే ముందు

నీలం ఇంకు ఏ పెన్నులో పోసినా సర్దుకుపోతుంది. నలుపు మొండిది. అక్షరం బూడిదరంగుకు తిరగకుండా నల్లగా నిలవాలంటే నీళ్లలో రంగు బాగా దట్టంగా కరిగి ఉండాలి. ఆ దట్టం వల్లే పాళీ కొన దగ్గర త్వరగా పొక్కు కడుతుంది, మర్నాడు పెన్ను రాయనని మొరాయిస్తుంది, నున్నటి కాగితం మీద చెయ్యి తగిలితే అక్షరాలు అలుక్కుపోతాయి.

అన్నిటికన్నా ముందు సీసా మీద ‘ఫౌంటెన్ పెన్ ఇంక్’ అని ఉందో లేదో చూడండి. స్టేషనరీ షాపుల్లో దాని పక్కనే డ్రాయింగ్ ఇంకు సీసా కూడా ఉంటుంది. ఇండియన్ ఇంకు అనేది అదే. మసి రేణువులు చెదరకుండా అందులో లక్క కలుపుతారు. ఎండిన లక్క నీళ్లకు కరగదు. పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ఫీడ్‌లోని సన్నని గాడుల్లో అది గట్టిపడితే పెన్ను దాదాపు పోయినట్టే. కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి ఇంట్లో కాచే సిరా కూడా ఫౌంటెన్ పెన్నుకు పనికిరాదు. దాని నలుపు ఇనుము, కరక్కాయ వగరు కలిసి పుట్టేది. నిలవ ఉన్నకొద్దీ అడుగున మడ్డి దిగుతుంది. ముంచి రాసే కలానికి అది బాగానే ఉంటుంది.

రోజువారీ రాతకు కామ్లిన్, బ్రిల్, పార్కర్ క్వింక్, పెలికాన్ 4001 వంటి మామూలు నలుపులు చాలు. నీళ్లతో కడిగితే పోతాయి కాబట్టి పెన్నుకు మేలు. అదే నీళ్లు రాత మీద పడితే రాత కూడా పోతుంది. క్వింక్ నలుపును బ్లాటింగ్ పేపర్ మీద ఒక చుక్క వేసి, పక్కన నీటిచుక్క వదిలి చూడండి. లోపల దాగిన నీలం బయటికి పాకుతుంది. ఏ నలుపుకైనా ఈ పరీక్ష చేస్తే అది నీలానికి మొగ్గుతుందా, గోధుమకా తెలిసిపోతుంది.

దస్తావేజులు, చెక్కులు, చిరునామాలు రాయాలంటే తడికి నిలిచేది కావాలి. ప్లాటినం కార్బన్ బ్లాక్, సైలర్ కివాగురో ఈ రకం. వీటిలో ఉండేది కరిగిన రంగు కాదు, అతి సన్నని రేణువులు. రోజూ రాసే పెన్నులోనే వీటిని పోయాలి, 2, 3 వారాలకోసారి కడగాలి. నింపి మూల పడేస్తే ఎండిన రేణువులను వదిలించడం కష్టం. నూడ్లర్స్ నలుపు కాగితపు పీచును పట్టుకుని నిలుస్తుంది. అయితే పీచుకు అందని మిగులు రంగు పైన ఉండిపోయి చేతికి అంటుతుంది, అందుకే నున్నటి కాగితానికి నేను దాన్ని సూచించను.

మామూలు నోటుబుక్కుల్లో అక్షరం చుట్టూ ఇంకు పీచుల్లా పాకితే పాళీని అనుమానించకండి. చాలాసార్లు తప్పు కాగితానిదే. కాగితం మార్చలేకపోతే కాస్త పొడిగా పారే ఇంకు వాడాలి, పెలికాన్ 4001కి ఆ పేరుంది. సన్నపాళీ కూడా సాయపడుతుంది.

1930ల నుంచి రాజమండ్రికి పేరు తెచ్చిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల సంగతి విడిగా చెప్పాలి. ఫిల్లర్‌తో గొట్టంలోకి నేరుగా ఇంకు పోసే రకం అది. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. అరచేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు నెడుతుంది, పెన్ను కక్కుతుంది. మూడోవంతు మిగలగానే మళ్లీ నింపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మర బిగించే చోట ఇంకు కారుతుంటే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజలైన్ వద్దు, రబ్బరు వాషరు ఉంటే అది పాడవుతుంది. ఇలాంటి పెన్నులో రేణువుల ఇంకు పోయకపోవడమే మంచిది.

పొద్దున్నే పెన్ను రాయడం లేదా? పాళీ కొనను నీళ్లకు తాకించి రాయండి. వెంటనే చిక్కటి గీత పడితే ఇంకు ఎండిందన్నమాట. క్యాప్‌కు రంధ్రం ఉంటే ఒక్క రాత్రి దాని మీద టేపు అంటించి చూడండి. మర్నాడు సాఫీగా రాస్తే దోషం క్యాప్‌దే, ఇంకు మారిస్తే లాభం లేదు. క్యాప్ బిగువుగానే ఉంటే సీసాలో ఇంకు ఆవిరై చిక్కబడి ఉండొచ్చు. 5 మి.లీ. ఇంకును విడి సీసాలోకి తీసి, 5 చుక్కల డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించండి. అసలు సీసాలో నీళ్లు పోయకండి.

కడిగిన వెంటనే గీత బూడిదరంగులో పడితే కంగారు వద్దు, ఫీడ్‌లో నీళ్లు మిగిలాయంతే. టిష్యూ కాగితాన్ని పాళీకి ఆనించి 1, 2 నిమిషాలు పట్టుకుంటే లాగేస్తుంది. మొదట నల్లగా ఉండి, రాస్తూ రాస్తూ పలచబడితే మాత్రం ఫీడ్‌కు ఇంకు సరిగా అందడం లేదు, కడగాల్సిందే.

కడగడానికి 100 మి.లీ. చల్లని నీళ్లలో 2 చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. పాళీ వైపు భాగాన్ని రాత్రంతా నానబెట్టి, నురగ పోయేదాకా మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లున్న చోట చివరి జాడింపు డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే తెల్లమరకలు పట్టవు. వేడినీళ్లు తగిలితే ఎబొనైట్ మెరుపు పోయి రంగు మారుతుంది. స్పిరిట్ కొన్ని ప్లాస్టిక్కులను పగలగొడుతుంది.

రెండు కంపెనీల నలుపులు కలపాలనిపిస్తే ముందు చిన్న గాజుసీసాలో చెరో 1 మి.లీ. పోసి ఒకరోజు ఉంచండి. ఆమ్లగుణం, క్షారగుణం ఉన్నవి కలిస్తే అడుగున మడ్డి చేరొచ్చు. మడ్డి కనబడితే పారబోయండి. సీసాలో పైన పొరగానీ, తీగల్లాంటి బూజుగానీ, చెడు వాసనగానీ ఉంటే వడగట్టి వాడే ప్రయత్నం చేయకండి. ఆ సీసాతో పాటు అందులో ముంచిన ఫిల్లర్‌నూ పారేసి, ఆ ఇంకు పోసిన ప్రతి పెన్నునూ విప్పి కడగాలి.