కుర్చీ చెయ్యికి కట్టిన తీగ

మావయ్య ఇచ్చిన ఫోటో వెనక బాల్‌పెన్‌తో "నాన్న, 1931" అని రాసి ఉంది. ఇంకేం కావాలి? తాతయ్య అధ్యాయం మొదట్లో దాన్ని పెద్దగా వేసి, మా కుటుంబ చరిత్ర చిన్న పుస్తకంగా నలభై కాపీలు కొట్టించి చుట్టాలందరికీ పంచేశాను.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మావయ్య పుట్టిందే 1942లో. బాల్‌పెన్ మామూలు జనం చేతికొచ్చింది 1940ల మధ్యలో. అంటే ఆ రెండు ముక్కలూ ఫోటో తీసిననాడు రాసినవి కావు, ఎన్నో ఏళ్ళకి ఎవరో చెబితే విని రాసుకున్నవి. అక్షరాలైతే చదివాను గానీ, ఎవరి చేతిరాత, ఏ పెన్ను అని ఆలోచించలేదు.

తప్పు పట్టుకున్నది పెద్దమ్మ. ఆవిడకి 86 ఏళ్ళు. పుస్తకం చేతికిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి పేజీని ముక్కు దాకా తెచ్చుకుంది. మొహం వంక చూడనే లేదు.

"ఈ తీగ చూడరా" అంది.

కుర్చీ కుడి చెయ్యి వెనక కర్రని కలిసే చోట మూడు చుట్లు ఇనప తీగ. ఆ ఫోటోని నేను మూడుసార్లు స్కాన్ చేశాను, మచ్చలు చెరిపాను, ఒక్కసారి కూడా అది నా కంట పడలేదు.

"అది విరగ్గొట్టింది నేనే. చెయ్యి మీదెక్కి ఊగుతుంటే ఊడొచ్చింది" అని మోచేతి కింద మచ్చ చూపించింది. అప్పటికి ఆవిడకి ఆరేళ్ళట. లెక్క వేస్తే 1945 దగ్గర తేలింది.

"మరి ఈయనెవరు?"

"మీ తాతయ్య కాదు. మా బాబాయి."

తాతయ్యకి ఒక తమ్ముడున్నాడన్న సంగతే నాకు అంతవరకూ తెలీదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. నోట్సులో ప్రతి వాక్యం పక్కనా మూడు సంగతులు రాస్తాను: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు. మూడోది రాసేటప్పుడే సగం "నిజాలు" రాలిపోతాయి. సర్టిఫికెట్లకీ ఇదే పరీక్ష. మరణ ధ్రువపత్రంలో చనిపోయిన తేదీ సాధారణంగా నమ్మొచ్చు, అది అప్పుడే రాయించింది కాబట్టి. అందులోనే ఉండే వయసు మాత్రం, ఏడుస్తూ కౌంటర్ దగ్గర నిలబడ్డ కొడుకో అల్లుడో తోచినంత చెప్పింది. పాత జనాభా లెక్కల్లో సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసులవాళ్ళు విచిత్రంగా ఎక్కువగా కనిపించేదీ ఇందుకే.

వయసు అవసరాన్ని బట్టి కూడా పెరుగుతుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఐర్లాండ్‌ది. అక్కడ 1909లో 70 ఏళ్ళు నిండినవాళ్ళకి పింఛను మొదలైంది. జననాలన్నీ నమోదు చెయ్యడం 1864లో గానీ మొదలవలేదు కాబట్టి ముసలివాళ్ళ దగ్గర కాగితాల్లేవు. 1901 లెక్కల్లో చెప్పిన వయసు కంటే 1911లో పదిహేనేళ్ళు పెరిగినవాళ్ళు ఉన్నారు! రుజువు కోసం 1841, 1851 జనాభా లెక్కలు వెతికించుకునేవారు. 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడి ఆ లెక్కలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. పింఛను కోసం పెట్టుకున్న వెతుకులాట ఫారాలు మాత్రం మిగిలాయి. వాటిలో ఎక్కించుకున్న వివరాలే ఇవాళ ఎన్నో కుటుంబాలకి దిక్కు.

పెద్దవాళ్ళని సంవత్సరాలు అడగడం కూడా మానేశాను. "ఏ ఏడు?" అంటే టెన్షన్ పడి ఏదో ఒక అంకె చెప్పేస్తారు. "ఆ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకునేవారు?" అంటే చాలు, గంట సేపు ఆగరు. ఫోటో వెనక ఇప్పుడు మెత్తటి పెన్సిల్‌తో, అంచున, పక్కన ప్రశ్నార్థకం పెట్టి మరీ రాస్తాను. స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా చేస్తాను. దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి, ఒకసారి అతుక్కున్నది మళ్ళీ ఊడదు.

పుస్తకాల్లో 31 వెనక్కి తెప్పించి, తప్పొప్పుల కాగితం అంటించాను. మిగతా తొమ్మిది ఇళ్ళల్లో ఆయనే ఇప్పటికీ మా తాతయ్య. ఒక పిన్ని అయితే ఆ పేజీకి ఫ్రేము కూడా కట్టించింది. చెప్పడానికి నోరు రావట్లేదు.

కొత్త అధ్యాయం కోసం మళ్ళీ పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. కుర్చీ గురించి, తీగ కట్టిన మనిషి గురించి హాయిగా చెప్పుకుపోయింది. "మరి ఆ బాబాయి సంగతి ఇంట్లో ఎవరూ ఎందుకు ఎత్తరు?" అన్నాను. ఆవిడ ఫోన్ వంక చూసింది.

"చెప్తాను గానీ, ముందు దాన్ని ఆపు."

ఆపాను. ఆ రికార్డింగ్ 43 నిమిషాల దగ్గర అయిపోతుంది. ఆ తర్వాత విన్నది మాత్రం ఇంకా ఎక్కడా రాయలేదు.