నలుపులోంచి నీలం

ఆదివారం. పొద్దుటినుంచీ ముసురు.

రంగులు కలపడానికి ఇలాంటి రోజే కావాలి. ఎండ లేకపోతే ఉత్తరపు కిటికీలోంచి వచ్చే వెలుతురు గంటగంటకీ మారదు. తొమ్మిదింటికి కలిపిన బూడిదరంగు మధ్యాహ్నం రెండింటిక్కూడా బూడిదరంగుగానే ఉంటుంది. ఎండ కాసిన రోజు వేసిన పట్టికలో, అంటే కలిపిన రంగుల్ని వరసగా పూసిపెట్టుకునే గళ్ళలో, సగం సాయంత్రానికి అబద్ధాలైపోతాయి.

ఈవేళ్టి పట్టిక స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్‌ది. స్వీడన్‌వాళ్ళు ఆ పేరును ‘సోర్న్’ అని పలుకుతారు. తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (ఎముకల బొగ్గుతో చేసే నలుపు): ఈ నాలుగు ట్యూబులే బల్లమీద. చిత్రకారులు వీటినే జోర్న్ పాలెట్ అంటారు. ఆధారం ఆయన బొమ్మలోనే ఉంది. 1896లో మోడల్‌తో కలిపి తనను తాను వేసుకున్న చిత్రంలో చేతిలో పాలెట్, అంటే రంగులు కలుపుకునే పలక ఉంటుంది. దానిమీద కనిపించేవి ఈ నాలుగు ముద్దలే. అలాగని జన్మలో నీలం ముట్టలేదని కాదు. నీలమే కావలసినచోట నీలం వాడాడు. మనిషి ఒంటిరంగు, ఇంటిలోపలి వెలుతురు, చెక్క, ఉన్ని, పొగ లాంటివాటికి మాత్రం ఈ నాలుగూ చాలునని తేల్చుకున్నాడు. నాలుగిటిలో ఓకర్, వెర్మిలియన్ గురించే అందరూ మాట్లాడతారు. అసలు పని చేసేది నలుపు.

పట్టిక కట్టడం ఇలా. ఓకర్–వెర్మిలియన్, ఓకర్–నలుపు, వెర్మిలియన్–నలుపు మూడు జోడీలు. ఒక్కో జోడీకి అడ్డంగా అయిదు గళ్ళు: ఈ చివర ఒక రంగు, ఆ చివర రెండోది, మధ్యలో మూడు మెట్లు. ప్రతి గడి కిందా తెలుపు పెంచుకుంటూ నాలుగు వరసలు. మొత్తం 75 గళ్ళు. గడి అంగుళం వెడల్పుంటే 40 మి.లీ. తెలుపు ట్యూబులో దాదాపు సగం అయిపోతుంది. మిగతా మూడూ అంతకంటే చాలా తక్కువ. కలపడం కుంచెతో కాదు, రంగులు కలిపే మొద్దు నైఫ్‌తో. కుంచె వెంట్రుకల మొదట్లో పాత రంగు దాక్కుని నాలుగో గడికల్లా అన్నిటినీ ఒకే బురదలోకి దించుతుంది. రెండు రంగుల మధ్య మెట్టును కొలతతో కాదు, కంటితో తేల్చుకోవాలి. సగం–సగం కలిపితే మధ్యరంగు రాదు, బలమైనదే గెలుస్తుంది. ఓకర్, నలుపు సమానంగా కలిపితే వచ్చేది దాదాపు నలుపే. మధ్య మెట్టు కావాలంటే ఓకర్ నాలుగైదు పాళ్ళకు నలుపు ఒక పాలు.

ఆ గడి ఆకుపచ్చ. నీలం చుక్క లేకుండా వచ్చిన ఆకుపచ్చ, ముదురు ఆలివ్ రంగులో. ఐవరీ బ్లాక్ నీలం వైపు ఒరిగిన నలుపు కావడం వల్ల ఓకర్‌తో కలిస్తే పచ్చబడుతుంది. మార్స్ బ్లాక్ అనే ఇంకో నలుపుతో ఇదే చేస్తే మట్టిరంగు వస్తుంది, ఎందుకంటే అది గోధుమ వైపు ఒరిగింది. షాపులో ‘బ్లాక్’ అని మాత్రమే అడిగి తెచ్చుకుంటే పట్టిక అక్కడే చెడిపోతుంది. మసితో చేసే లాంప్ బ్లాక్ ఇంకా నీలంగానే ఉంటుంది కానీ మరీ బలం, చిటికెడు ఎక్కువైతే చాలు, ముద్దంతా మింగేస్తుంది.

నీలం సంగతి అసలు తమాషా. ఎనిమిది పాళ్ళ తెలుపుకు ఒక పాలు ఐవరీ బ్లాక్ కలిపి తెల్లకాగితం మీద గీస్తే అది బూడిదరంగు, మరేం కాదు. అదే గీతకు చుట్టూ ఓకర్, వెర్మిలియన్ కలిపిన నారింజ పూస్తే అది నీలమైపోతుంది. కంటికి చుట్టూ వెచ్చని రంగు కనిపిస్తే మధ్యలోని తటస్థమైన రంగు చల్లబడుతుంది. నమ్మకం కుదరకపోతే అట్టముక్కలో రూపాయి బిళ్ళంత కన్నం చేసి, ఆ గీత ఒక్కటే కనబడేలా పెట్టి చూడాలి. మళ్ళీ బూడిద. అట్ట తీస్తే నీలం. జోర్న్ బొమ్మల్లో నీలిరంగు శాలువాలు, నీలినీడలు అనుకునేవాటిలో చాలా భాగం ఇదే.

ఇక్కడ ఈ కాలపు ట్యూబులతో రెండు చిక్కులున్నాయి. ఆయన తెలుపు సీసపు తెలుపు. మెత్తగా, కాస్త వెచ్చగా, బలం తక్కువగా ఉంటుంది. విషం కాబట్టి ఇప్పుడు దాని బదులు టైటానియం వాడతాం. టైటానియం మిగతా మూడింటినీ సుద్దలా చేసేస్తుంది. ఒంటిరంగులు పౌడరు రాసిన ముఖాల్లా తేలడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. అలవాటుగా వేసే తెలుపులో సగం వేసి, ఓకర్‌తో వెలుగు పెంచుకోవాలి. రెండోది ఎరుపు. ఆయన వాడిన వెర్మిలియన్ అంటే ఇంగిలీకం, పాదరసమూ గంధకమూ కలిసింది. ఇప్పుడు కాడ్మియం రెడ్ లైట్ వాడతారు. దానికి రంగు పట్టించే శక్తి ఎక్కువ. పాత పుస్తకాల్లోని లెక్క తీసుకుని నాలుగు పాళ్ళ తెలుపు, రెండు ఓకర్, ఒకటి ఎరుపు కలిపితే ముఖం కాదు, ఎండదెబ్బ. ఎరుపు సగానికి తగ్గించాలి.

నీడకు తెలుపు అసలు వద్దు. ఓకర్, ఎరుపు, కొసకు నలుపు. నీడలో తెలుపు పడిందంటే ముఖం మసకబారి పొగలోంచి చూసినట్టుంటుంది.

మధ్యాహ్నం తిండి తిన్నాక గళ్ళు ఆరుతుంటే అచ్చువేసిన జోర్న్ బొమ్మలు ముందేసుకోవడమైంది. వరస చూస్తే నలుపు కథ మొదటినుంచీ ఉంది.

పుట్టింది 1860 ఫిబ్రవరి 18న, దలార్నా ప్రాంతంలోని మోరాలో, తాతగారి పొలంలో. తల్లి గ్రుద్ అన్నా బీరు కార్ఖానాలో పనిచేసేది. తండ్రి లియోనార్డ్ జోర్న్ అక్కడే బీరు తయారుచేసే జర్మన్. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. తండ్రినుంచి కొడుక్కి దక్కింది ఇంటిపేరు, ఆయన పోయాక చదువుకు అక్కరకొచ్చిన కాస్త డబ్బు. ముఖం చూసింది లేదు. 1875లో స్టాక్‌హోమ్ కళా అకాడమీలో చేరేటప్పుడు శిల్పి కావాలనే అనుకున్నాడు. అక్కడ నీటిరంగులు పట్టుకున్నాడు. 1880లో విద్యార్థుల ప్రదర్శనలో పెట్టిన ‘దుఃఖంలో’ అనే నీటిరంగుల బొమ్మతో పేరొచ్చింది. అందులో నల్లటి పల్చని ముసుగు వెనక ఒక యువతి ముఖం.

నీటిరంగుల్లో ముసుగు వేయడం ఎంత కష్టమో వేసినవాళ్ళకే తెలుసు. కింద ముఖం పూర్తిగా వేసి ఎముకలా ఆరనివ్వాలి. చేతి వెనకవైపు కాగితానికి తాకిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నమాట. తరవాత పల్చని నలుపు ఒకే ఒక్క పూత. అక్కడ తడబడి కుంచె రెండోసారి తిప్పితే కింది ఒంటిరంగు లేచొచ్చి నలుపులో కలిసి బుగ్గమీద గాయంలా తయారవుతుంది. దిద్దడం కుదరదు. కాగితం మార్చాల్సిందే. ఇరవయ్యేళ్ళ కుర్రాడు తన పేరును అలాంటి పూత మీద నిలబెట్టుకున్నాడు.

మరుసటి ఏడు అకాడమీ పెద్దలతో పడక బయటికొచ్చేశాడు. అదే ఏడు ఎమ్మా లామ్‌తో పరిచయం. స్టాక్‌హోమ్‌లో కలిగిన యూదు వ్యాపారుల కుటుంబం వాళ్ళది. మాట ఇచ్చిపుచ్చుకున్నారు గానీ బయటపెట్టలేదు. కుంచె మీద బతికేవాడు ముందు సంపాదించి చూపాలి. లండన్ వెళ్ళి నీటిరంగుల్లో ముఖచిత్రాలు వేశాడు. నాలుగేళ్ళు పట్టింది. 1885 అక్టోబరులో పెళ్ళి. పెళ్ళి ప్రయాణం కాన్‌స్టాంటినోపుల్ వరకూ వెళితే అక్కడ టైఫాయిడ్ పడ్డాడు. తరవాతి జీవితమంతా లెక్కలూ ఉత్తరాలూ ఒప్పందాలూ ఎమ్మాయే చూసుకుంది. జోర్న్ పాలెట్ గురించి రాసేవాళ్ళు ఆవిడ గురించి రాయరు. అది మాత్రం అన్యాయమే.

1886 వేసవి బొమ్మ ‘సొమ్మర్‌నోయె’ (వేసవి విహారం) ముందుంది. దలారో అనే సముద్రతీరపు ఊళ్ళో చెక్కరేవు మీద తెల్లబట్టల్లో ఎమ్మా, ఆవిణ్ణి ఎక్కించుకోవడానికి ఒక పడవ. నీళ్ళు బూడిదరంగు. 2010లో ఇది వేలంలో 2 కోట్ల 60 లక్షల క్రోనార్లు పలికింది, అప్పటికి స్వీడన్ చిత్రాల్లో అదే అత్యధికం. ధర పక్కనబెట్టి ఆ నీళ్ళు చూడాలి. ప్రతి చిన్న అలకీ మూడు ముఖాలుంటాయి. మనకు ఎదురుగా వాలిన ముఖంలో ఆకాశంలో ఎత్తునున్న భాగం తక్కువ వెలుతురుతో కనిపిస్తుంది, లేదా నీళ్ళ లోపలి చీకటి కనిపిస్తుంది. పైకి పరచుకున్న వీపు ఆకాశపు అంచు తెలుపు. పక్కకి తిరిగిన ముఖంలో పడవో రేవో. కొత్తగా వేసేవాళ్ళు అల గీత గీసి దానికి నీలం నింపుతారు, అది చేపపొలుసులా ఉంటుంది. గీత లేకుండా మూడు రకాల మచ్చలు, దగ్గర పెద్దవి, దూరంపోయే కొద్దీ సన్నగా అడ్డంగా పరచాలి. నీటిరంగుల్లో కాగితమే తెలుపు కాబట్టి వెలుగు మచ్చను ముందే అట్టేపెట్టుకోవాలి. ఆ ముందుచూపే తరవాత ఆయిల్ రంగుల్లోకీ అచ్చుబొమ్మల రాగిరేకు మీదికీ వెళ్ళింది.

అదే ఏడాదిది ‘మా రోజువారీ రొట్టె’. దారిపక్కన నిప్పుమీద కుండ, కోతకొచ్చినవాళ్ళకు వంట, కూర్చున్న ముసలావిడ ఆయన తల్లి. అది కూడా నీటిరంగులే.

ఆయిల్ పట్టుకున్నది 27 దాటాక, 1887–88 చలికాలంలో, ఇంగ్లండ్ పడమటి కొసన సెయింట్ ఐవ్స్‌లో. అక్కడ వేసిన జాలరుల బొమ్మను సలోన్ అనే పారిస్ వార్షిక చిత్రప్రదర్శనలో ఫ్రెంచి ప్రభుత్వం కొంది. ఏడాది తిరక్కుండా పారిస్ ప్రపంచ ప్రదర్శన, లీజన్ ఆఫ్ ఆనర్ అనే ఫ్రెంచి ప్రభుత్వ పురస్కారం. 29 ఏళ్ళు. 1896 దాకా కాపురం పారిస్‌లోనే. 1893లో షికాగో ప్రదర్శనకు స్వీడన్ చిత్రాల బాధ్యుడిగా వెళ్ళాడు. పారిస్ బస్సులో కూర్చున్న మనుషులను వేసిన ‘ఆమ్నిబస్’ను అక్కడే అమెరికన్ కళాసేకర్త ఇజబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ కొంది. అమెరికా ఏడుసార్లు వెళ్ళొచ్చాడు. క్లీవ్‌లండ్, టాఫ్ట్, థియోడోర్ రూజ్‌వెల్ట్, ముగ్గురు అధ్యక్షుల ముఖాలు ఆయన చేతిమీదుగా వచ్చాయి. ఆ డబ్బున్నవాళ్ళ ముఖచిత్రాలన్నీ ఒకే తీరున బాగుండవు. పట్టుబట్టల మీద కుంచె పరుగెడుతుంది, ముఖం దగ్గర మర్యాదకు ఆగిపోతుంది.

1897 నాటి ‘మిడ్‌సమ్మర్ నాట్యం’ వేరు. 140 × 98 సెం.మీ. స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియంలో ఉంది. మోరా దగ్గర పల్లె, పూలూ ఆకులూ కట్టిన స్తంభం, జంటలు తిరుగుతున్నాయి. ఉత్తరదేశపు వేసవిరాత్రి కాబట్టి చీకటి లేదు, సూర్యుడూ లేడు, నీడల్లేని వెలుతురు. ఈ పట్టిక పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది: గడ్డి ఓకర్–నలుపు గళ్ళ పచ్చకు దగ్గర, తెల్ల చొక్కాల మడతలు తెలుపు–నలుపు బూడిద, అక్కడక్కడా గుచ్చుకునే ఎరుపు. ఎరుపు తక్కువ కాబట్టే వెలుగుతోంది. ఆ ఎరుపును తుడిచేస్తే మిగతా బొమ్మంతా చల్లారిపోతుంది.

సాయంత్రం రాగిరేకు పని, అంటే ఎచింగ్: రేకు మీది గీతలను ఆమ్లంతో తినిపించి, వాటిలో సిరా నింపి, పైన తుడిచి అచ్చు తీయడం. ఎచింగ్ ఆయన లండన్‌లో 1882లో స్వీడన్‌వాడే అయిన ఆక్సెల్ హెర్మన్ హేగ్ దగ్గర నేర్చుకున్నాడు. మొత్తం 290 దాకా రేకులు చేశాడు. రెంబ్రాంట్ ఎచింగ్‌లు కొని కూడబెట్టాడు. 1892లో పారిస్‌లో చేసిన ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ రేకు చూస్తే ముఖానికి హద్దుగీత లేదు. ఏటవాలు గీతలు వానజల్లులా పడి ఉంటాయి, వాటి మధ్య మిగిలిన కాగితమే నుదురు, బుగ్గ. అదే ఏడాది రెనాన్ పోయాడు.

ఆ జల్లు గీతలను అనుకరించబోతే ఏం జరుగుతుందో రాసిపెట్టాలి. రేకు అంచులు వాలుగా అరగదీయాలి, లేకపోతే ప్రెస్‌లో కాగితం చిరుగుతుంది. సుద్దపొడి, నీళ్ళతో జిడ్డు పోయేదాకా తోమాలి. నీళ్ళు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. మైనపు పూత పూసి, కొవ్వొత్తి పొగ పట్టించి, సూదితో గీయాలి. రాగి బయటపడితే చాలు, గాటు పెట్టక్కర్లేదు. వెనకవైపు వార్నిష్. తరవాత ఆయన కాలంలో నత్రికామ్లం, ఇప్పుడు ఫెర్రిక్ క్లోరైడ్. పల్చని గీతలకు పది నిమిషాలు, బయటికి తీసి వాటిని వార్నిష్‌తో మూసి మరో ఇరవై, మళ్ళీ నలభై. రేకును బోర్లా వేలాడదీయాలి, వెల్లకిలా ఉంచితే మడ్డి గీతల్లో దిగి ద్రావణాన్ని ఆపేస్తుంది.

గీతలు మరీ దగ్గరైతే వాటి మధ్య మైనపు గోడ నిలవదు. ద్రావణం కిందికీ పక్కకీ తింటూ పోయి రెండు గీతలూ ఒక గుంటవుతాయి. గుంట లోతుగానే ఉన్నా వెడల్పు కాబట్టి తుడిచేటప్పుడు సిరా దానితోపాటే వచ్చేస్తుంది. కాటుకలా రావలసిన చోట అచ్చు బూడిదగా, బోసిగా దిగుతుంది. జోర్న్ గీతలు గజిబిజిగా కనిపించినా పక్కపక్క గీతల మధ్య గోడ నిలిచే ఖాళీ ఉంటుంది. మరీ నలుపు కావాలంటే ఏటవాలు గీతల మీదుగా వేరే కోణంలో ఇంకో జల్లు. పైగా అచ్చులో ఎడమ కుడి తారుమారు.

ఈవేళ్టి రేకులో కుడిపక్క మూడు అంగుళాల మేర గోడలు కూలాయి. భూతద్దంలో చూస్తే పొలంగట్లు తెగినట్టుంది. అక్కడ గీకి, నున్నగా రుద్ది, మళ్ళీ పూత పూయాలి.

పట్టికలో ఓకర్ గళ్ళు ఎల్లుండికి ముట్టుకుంటే అంటుకోవు. నలుపు గళ్ళు మాత్రం ఈ ముసురులో వారానికి గానీ ఆరవు. ఎముకల బొగ్గు నూనె ఎక్కువ తాగుతుంది. అందుకే కాన్వాస్ మీద మొదటి పూతకు దాన్ని దట్టంగా వాడకూడదు, పైన తొందరగా ఆరే రంగు వేస్తే నెర్రెలిస్తుంది. బోర్డును బీరువా మీద, దుమ్ము పడకుండా వాలుగా పెట్టడమైంది. నైఫ్‌కి అంటిన చివరి బూడిదను ఓకర్ గడి పక్కన ఒక గీత గీస్తే, దీపం వెలుతురులో కూడా నీలంగానే ఉంది.