కచేరీని హార్డ్‌డిస్క్ రికార్డర్‌లో ట్రాకులుగా ఎక్కించడం: నా అనుభవం

కచేరీలకు నేను వాడేది అలెసిస్ హెచ్‌డీ24 అనే రికార్డర్. ఒక్కో మైకు శబ్దాన్ని ఒక్కో విడి ట్రాకుగా డిస్కులోకి ఎక్కిస్తుంది. వెనకాల 24 ఇన్‌పుట్ జాక్‌లు, ముందు రెండు డిస్కు అరలు. కంప్యూటరు పని లేదు, మధ్యలో హ్యాంగయ్యే సాఫ్ట్‌వేరూ లేదు. తీసుకునేది మాత్రం పాత ఐడీఈ రకం (వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో కలిపే) డిస్కులే. మంచివి దొరికినప్పుడే కొని పెట్టుకోవాలి.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ట్రాకుకు సెకనుకు 144 కిలోబైట్లు. 24 ట్రాకులూ నడిస్తే గంటకు దాదాపు 12.4 జీబీ, అంటే 80 జీబీ డిస్కు ఆరు గంటలు దాటి వస్తుంది. గాత్రం, వయొలిన్, మృదంగానికి రెండు, ఘటం, తంబురా, హాలుకు రెండు మైకులు: ఇంతే అయితే కొత్త సాంగ్ (ఒక్కో రికార్డింగుకు ఇందులో ఉన్న పేరు) తెరిచేటప్పుడే 8 ట్రాకులని ఎంచుకుంటాను. గంటకు 4 జీబీ పైచిలుకుతో సరిపోతుంది.

అసలు తలనొప్పి మిక్సర్ దగ్గర. డైరెక్ట్ అవుట్‌లు (ఒక్కో ఛానల్ సిగ్నల్‌ను విడిగా బయటికిచ్చే జాక్‌లు) ఫేడర్‌కు, అంటే ఆ ఛానల్ శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటకు, ముందువో తర్వాతివో ముందే చూడాలి. తర్వాతివైతే ఆపరేటరు హాలు కోసం ఫేడర్ దించినప్పుడల్లా మన ట్రాకూ పడిపోతుంది. డైరెక్ట్ అవుట్‌లే లేకపోతే ఇన్సర్ట్ (సిగ్నల్‌ను బయటికి పంపి మళ్లీ లోపలికి తీసుకునే జాక్) నుంచి లాగాలి. చాలా మిక్సర్లలో మోనో జాక్‌ను మొదటి క్లిక్ దాకా దూరిస్తే సిగ్నల్ వస్తుంది. కానీ ఎవరి చెయ్యో తగిలి రెండో క్లిక్ దాకా దిగిందా, హాల్లో ఆ ఛానల్ మూగబోతుంది. అందుకే స్టీరియో జాక్‌లో కొసనున్న టిప్‌నీ దాని వెనకున్న రింగ్‌నీ కలిపి సోల్డర్ చేసిన కేబుళ్లు వాడతాను. జాక్ పూర్తిగా దిగుతుంది, సిగ్నల్ మిక్సర్‌లోకి తిరిగి వెళ్తూనే ఉంటుంది. ఇది అన్‌బ్యాలెన్స్‌డ్ లైను (బయటి విద్యుత్ గోలను రద్దు చేసుకోలేనిది) కాబట్టి మూడు మీటర్లు మించనివ్వను. అంతకంటే పొడవైతే హమ్ మొదలవుతుంది.

ఇన్సర్ట్ ఫేడర్‌కు ముందే ఉన్నా గెయిన్ నాబ్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచేది) మాత్రం హాలుకూ నా రికార్డింగుకూ ఒకటే. సౌండ్ చెక్ అయ్యాక దాన్ని ముట్టుకోవద్దని ఆపరేటరుకు గట్టిగా చెప్పాలి, వీలైతే టేపు అంటించాలి. చెక్‌లో మృదంగం వాయించేది సగం జోరుతోనే. అప్పుడే మీటరు మైనస్ 6 డెసిబెల్స్‌కు చేరితే తని ఆవర్తనంలో (తాళవాద్యాల సోలోలో) క్లిప్ ఖాయం, అంటే సిగ్నల్ హద్దు దాటి తెగిపోతుంది. చెక్‌లో పీకులు మైనస్ 15 దగ్గర ఆగేలా పెడతాను. 24 బిట్‌లో ఆ ఖాళీ వల్ల నష్టమేమీ లేదు. డిజిటల్ క్లిప్‌ను మాత్రం తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు.

స్టాప్ నొక్కకముందే కరెంటు పోతే ఆ టేకు మీద ఆశ వదులుకోవాల్సిందే. జనరేటరు అందుకునే ఆ కొద్ది సెకన్లే చాలు. రికార్డర్‌నూ మిక్సర్‌నూ ఒకే యూపీఎస్ మీద పెట్టాలి. అది ఉన్నా కళాకారులు శ్రుతి సరిచూసుకునే వ్యవధిలో స్టాప్ నొక్కి కొత్త సాంగ్ తెరుస్తాను. ఏదైనా పోతే ఒక్క కీర్తనతో పోతుంది.

కచేరీ అవగానే మొదటి డిస్కును రెండో అరలోని డిస్కుకు కాపీ చేయాలి. ఈ డిస్కు ఫార్మాట్ కంప్యూటరుకు అర్థం కాదు. నేరుగా తగిలిస్తే విండోస్ ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది, పొరపాటున కూడా ఒప్పుకోకూడదు. వెనకున్న ఈథర్‌నెట్ 10 మెగాబిట్లదే. గంటసేపటి 24 ట్రాకులు దింపాలంటే లెక్క ప్రకారమే దాదాపు మూడు గంటలు, నిజానికి ఇంకా ఎక్కువే. డిస్కును కంప్యూటరుకు వేగంగా కలిపే ఫైర్‌వైర్ రీడర్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

హాలు మైకులు వేదికకు 10 మీటర్ల దూరంలో ఉంటే వాటి శబ్దం దాదాపు 29 మిల్లీసెకన్లు ఆలస్యం. మిక్సింగ్‌లో ఒక మృదంగం దెబ్బను గుర్తుగా పెట్టుకుని ఆ రెండు ట్రాకులను అంతమేర ముందుగా మొదలయ్యేలా జరిపితే గాత్రం వెనక డబ్బా మోత పోతుంది.