పళ్లకి క్లిప్పులు పడ్డాయి
క్లిప్పులు వేశాక మొదటి రోజుల్లో నొప్పి ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు గానీ, మెత్తటి ముద్ద నమలడానికి కూడా ఇంత ఆలోచించాల్సి వస్తుందనుకోలేదు. నొప్పి ఇప్పుడు పర్లేదు, తీగ చివర బుగ్గ లోపల గుచ్చుకోవడమే మహా చిరాకు. దానికి ఇచ్చిన మైనాన్ని బఠాణీ గింజంత తీసుకుని, వేళ్ల మధ్య ఉండ చేసి, ఆ చోటు తడి లేకుండా తుడిచాక అద్దితేనే నిలుస్తుంది, లేదంటే మాట్లాడుతుండగానే ఊడొస్తుంది. బ్రషింగ్ అయితే పెద్ద పని, తీగ కింద సన్న బ్రష్ దూర్చి ఒక్కో పంటి దగ్గరా తిప్పాలి. పన్ను జరిగే వైపు ఎముక కరుగుతూ, వెనక వైపు కొత్తది పడుతూ ఉంటుందట, అందుకే పళ్లు వరుసలోకి రావడానికి అంత టైం. ఇంతా చేసి తర్వాత పళ్లని కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే అవి మళ్లీ పాత చోటికే బయల్దేరతాయట, ఇదెక్కడి గొడవండీ!