కాలిక్యులేటర్ లేని పరీక్షలో పది పవర్ల భాగహారం: నా అనుభవం

ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నలు, మూడు గంటలు. కాలిక్యులేటర్ ఉండదు. ఫిజిక్స్ ఫార్ములాలు నాకు నోటికొచ్చు కానీ, వాటిలో విలువలు వేశాకే అసలు టెన్షన్ మొదలయ్యేది. పైన 10⁻²⁷, కింద 10⁻³¹, పక్కన దశాంశాలు!

నాకు దారి దొరికింది సూర్యకాంతి భూమికి చేరడానికి ఎంతసేపు పడుతుందన్న లెక్కతో. సూర్యుడి దూరం 1.5 × 10¹¹ మీటర్లు, కాంతి వేగం సెకనుకు 3 × 10⁸ మీటర్లు. 1.5ని 3తో భాగిస్తే 0.5. ఇక 10¹¹ అంటే పదకొండు పదుల గుణకారం, కింద ఉన్నవి ఎనిమిది. పైనా కిందా ఎనిమిదేసి కొట్టేస్తే పైన మూడు మిగులుతాయి. పై ఘాతాంకం (పవర్) లోంచి కింది ఘాతాంకాన్ని తీసివేయడమంటే ఇంతే, బట్టీ పట్టేదేమీ లేదు. జవాబు 0.5 × 10³, అంటే 500 సెకన్లు. ప్రామాణిక రూపంలో (బిందువుకు ముందు సున్నా కాని ఒకే అంకె ఉండేలా రాస్తే) 5 × 10²: బిందువు ఒక స్థానం కుడికి జరిగింది కాబట్టి ఘాతాంకం ఒకటి తగ్గింది.

మైనస్‌లు వచ్చినచోట కొంచెం ఓపిక పట్టాలి. ప్రోటాన్ ద్రవ్యరాశి 1.67 × 10⁻²⁷ కిలోలు, ఎలక్ట్రాన్‌ది 9.11 × 10⁻³¹. మొదటిది రెండోదానికి ఎన్ని రెట్లో కనుక్కోవాలి. ఎంత తొందరలో ఉన్నా బ్రాకెట్ పెట్టే రాసేవాణ్ణి: −27 − (−31) = 4. ఆ తర్వాతే దశాంశాల జోలికి వెళ్లేవాణ్ణి. 9.11ని 9 అనుకుంటే 1.67 ÷ 9 సుమారు 0.185. కింది సంఖ్య తగ్గించాం కాబట్టి అసలు విలువ ఇంకాస్త తక్కువే ఉంటుంది. 0.183 × 10⁴ అనుకుంటే 1830. పుస్తకంలో ఉండేది 1836 రెట్లు. పరీక్షకి ఆ మాత్రం చాలు.

చాలామంది ముందు దశాంశాల మీద పడతారు. నేనైతే ముందు పవర్లే తేల్చేస్తాను. ఆప్షన్లు నాలుగింటిలో అవే అంకెలుండి పవర్లు మాత్రమే మారితే, అసలు భాగించే పనే ఉండదు. ఒక కూలుంబ్‌కి ఎన్ని ఎలక్ట్రాన్లు అన్న ప్రశ్న చూడండి. కూలుంబ్ విద్యుదావేశానికి ప్రమాణం, ఒక ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబ్‌లు. అంటే 1ని 1.6 × 10⁻¹⁹తో భాగించాలి. కిందున్న −19 పైకి వస్తే +19. 1 ÷ 1.6 ఒకటి కంటే తక్కువ కాబట్టి ఘాతాంకం ఒకటి తగ్గి 18 అవుతుంది. 6.25 × 10¹⁸.

శక్తిని జౌళ్ల నుంచి ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చే లెక్కలైతే మరీ హాయి. ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే 1.6 × 10⁻¹⁹ జౌళ్లు. 3.98 × 10⁻¹⁹ని 1.6 × 10⁻¹⁹తో భాగించేటప్పుడు పవర్లు రెండూ ఎగిరిపోతాయి. మిగిలేది 3.98 ÷ 1.6, దాదాపు 2.5.