చవితి పత్రిలో ప్రెయిరీ గడ్డి

వినాయక చవితి దగ్గర పడితే నాకు గరిక టెన్షన్ మొదలవుతుంది. అమెరికాలోని కాన్సస్‌లో మా వీధి లాన్లన్నీ ఫెస్క్యూ అనే వేరే రకం గడ్డివే. నిరుడు పండగ పొద్దున మా తొమ్మిదేళ్ల అమ్మాయి పెరట్లోంచి తనకంటే పొడుగైన పరక ఒకటి కోసుకొచ్చింది. "అమ్మా, గరికలాగే దీనికీ మూడు కొసలున్నాయి. గణపతికి పెట్టొచ్చా?"

అది బిగ్ బ్లూస్టెమ్, ఈ నేల సొంత గడ్డి. కంకి మూడుగా చీలి ఉంటుంది కాబట్టి ఇక్కడివాళ్లు టర్కీ కోడి కాలితో పోలుస్తారు. నాటిన మొదటి ఏడాది జానెడు కూడా లేవకపోతే చచ్చిపోయిందనుకున్నాను. అదేమో కింద వేళ్లు దింపుకుంటోంది. మూడో వేసవికి మా వారి తలను దాటింది.

మా అత్తయ్యది కర్నూలు వైపు. నిరుడు ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఫ్లింట్ హిల్స్ చూపించాం. అంటే చెకుముకి గుట్టలు. ప్రెయిరీ అంటే ఇక్కడి గడ్డి మైదానం. ఒకప్పటి పొడుగు గడ్డి ప్రెయిరీలో ఈరోజు నాలుగు శాతం కూడా మిగల్లేదు. ఆ మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది, ఈ రాళ్ల నేల నాగలికి లొంగలేదు కనక. మేం వెళ్లేసరికి రైతులు గడ్డికి నిప్పు పెడుతున్నారు. అత్తయ్య కంగారుపడిపోయారు.

మా అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని తెలుగులోనే చెప్పింది. "మొలక నేల కింద భద్రంగా ఉంటుంది నాయనమ్మా. పైన ఎండుగడ్డి కాలిపోతే నల్లమట్టి త్వరగా వేడెక్కుతుంది, కొత్తగడ్డి వస్తుంది. మంట పెట్టకపోతే సీడర్ చెట్లు కమ్మేస్తాయి." అది అంతసేపు ఆగకుండా తెలుగు మాట్లాడడం నేను అప్పటిదాకా వినలేదు. కాన్సస్ అనే పేరు ఇక్కడి మూలవాసులైన 'కా' తెగవాళ్లదనీ, ప్రెయిరీకి నిప్పు పెట్టడం ఇక్కడి తెగలకు ఎప్పటినుంచో తెలుసనీ, కా వాళ్లను 1873లో ఇక్కణ్ణుంచి వెళ్లగొట్టారనీ తిరిగొచ్చేటప్పుడు కార్లో చెప్పాను. మనం ఎవరి నేల మీద ఇల్లు కట్టుకున్నామో పిల్లకు తెలియాలి.

వేసవిలో మా పెరటి గడ్డిని తడిమి చూసి అత్తయ్య అడిగిన మొదటి మాట, "జొన్న చొప్పలా ఉందే, పశువులు తింటాయా?" ఎంత ఇష్టంగా తింటాయంటే, దీన్ని ఆవుల ఐస్‌క్రీమ్ అంటారిక్కడ. ఆవిడ కన్ను పొరపడలేదు. జొన్న, చెరకు, మొక్కజొన్న, వట్టివేరు, ఈ బ్లూస్టెమ్ అన్నీ గడ్డి జాతిలో ఒకే తెగ.

"అయితే జొన్నకు ఇది కజినా?" అంది మా అమ్మాయి.

"కజిన్ ఏంటే, అక్కాచెల్లెళ్లు అను," అన్నారు అత్తయ్య.

పండగ పొద్దున పెట్టొచ్చా అని అడిగినప్పుడు నేను తటపటాయించాను. అత్తయ్య మాత్రం ఆ పరక అందుకుని, కడిగి, పత్రి పళ్లెంలో పెట్టేశారు.

ఈ ఏడు మా అమ్మాయి తెలిసినవాళ్ల దగ్గర గరిక వేరు అడిగి తెచ్చి కుండీలో పెట్టింది. చలి రాగానే దాన్ని లోపలికి తేవాలట. బ్లూస్టెమ్‌కు ఆ బెంగ లేదు, మంచులోనే నిలబడుతుంది.